శనగ నురగ మీద గోటి చప్పుడు

ఈ ఉదయం కుక్కర్ మూత తీయగానే ఉడికిన కాబూలీ శనగల వాసన వంటగదంతా కమ్ముకుంది. అదేమీ గొప్ప వాసన కాదు. మా ఆయనైతే ముక్కు మూసుకుని వాకిట్లోకి వెళ్లిపోతాడు. నాకు మాత్రం ఆ ఆవిరి ముఖానికి తగలగానే కుడిచేతి చూపుడువేలి గోరు దానంతటదే బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. టక్, టక్. ఆ అలవాటు నాది కాదు, హలీమా ఆపాది. ఆమె పోయి ఏడాది దాటింది.

మేడ్చల్‌లో నాకిప్పుడు ఒక చిన్న కేకుల కొట్టు ఉంది. గుడ్డు లేని కేకులు మాత్రమే చేస్తాను. అంతకుముందు కుత్బుల్లాపూర్‌లో మాత్రలు ప్యాక్ చేసే పని నాది. ఆ కంపెనీ మూతపడ్డాక, కండ్లకోయలో కాలేజీ బస్సు నడిపే మా ఆయన ఎవరినో అడిగి, లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒకావిడ ఇంట్లోనే కేకులు చేస్తుందనీ సాయానికి మనిషి కావాలంటోందనీ కబురు తెచ్చాడు. నేను వెళ్లిన రోజు శామీర్‌పేట చెరువు వైపు నుంచి మంచు దట్టంగా కమ్మేసి ఉంది. ఇంటి వెనక ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేదట. తీగలు ఎప్పుడో ఎండిపోయాయి. పందిరి మోసిన రాతి కడీలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. ఆ మంచులో వాటిని చూసి, ఎవరో మనుషులు బారులు తీరి ఇంటివైపే చూస్తున్నారనుకుని గేటు దగ్గరే ఆగిపోయాను. నేను అంత తేలిగ్గా బెదిరే మనిషిని కాదు.

లోపల అరవై దాటిన ఒక సన్నటి మనిషి, నాకు వీపు చేసి, ఓవెన్ ముందు వంగి మెల్లగా ఏదో మాట్లాడుతోంది. అక్కడ ఇంకెవరూ లేరు. నా అలికిడికి తిరిగి చూసింది.

"పొద్దున ఏం తిన్నవ్?" అంది. నా పేరు కూడా అడగలేదు. ఆమే హలీమా ఆపా.

"రొట్టె, ఆమ్లెట్."

"అయితే చెయ్యి కడుక్కో. నోరు గుడ కడుక్కో. గీ గేటు దాటి గుడ్డు లోపటికి రావద్దు. గదొక్కటే నా ఇంట్ల కానూన్."

సాయిబుల ఇంట్లో గుడ్డు వద్దనడం ఏమిటని నాకు నవ్వొచ్చింది. పని కావాలి కాబట్టి నవ్వు మింగి, కుళాయి దగ్గర పుక్కిలించాను.

ఆమె చేసేవాటిలో పేరున్నది ఒకటే. కొత్త విల్లాల వాళ్లు దాన్ని మెరాంగ్ అనేవారు. ఆపా చెవికి అది "మేరా రంగ్" అని వినబడింది. ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు. "నా రంగే అది, తెల్లది," అని తన నెరిసిన జుట్టు చూపించేది. ఉప్పు వేయకుండా శనగలు ఉడికించి, ఆ నీళ్లను సన్నటి సెగ మీద మరిగించి, వేలికి జిగురుగా తగిలేదాకా ఇంకబెట్టాలి. చల్లారాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండి గిలక్కొడితే ఆ పసుపుపచ్చ నీళ్లు పాలనురగలా లేస్తాయి. పొడి చక్కెర ఒక్కో చెంచా వేస్తూ ఇంకా కొట్టాలి. గిన్నె తలకిందులు చేసినా నురగ జారకూడదు. నేను మొదటిసారి తొందరపడి గిన్నె తిప్పితే మొత్తం నా పాదాల మీద పడింది. "జల్దీ చేస్తే గది నీ కాళ్లు మొక్కుతది," అంది ఆపా. ఆ నురగను కాగితం మీద గుండ్రంగా పరిచి, తక్కువ వేడిలో రెండు గంటలు ఆరబెట్టి, ఓవెన్‌లోనే చల్లారనిస్తే పెళుసు గుల్ల అవుతుంది. పైన కొబ్బరి మీగడ, దాని మీద పళ్లు. మామిడి, దానిమ్మ, ఏది దొరికితే అది వేసేది, కాని నాలుగు ద్రాక్షలైనా లేకుండా గేటు దాటనిచ్చేది కాదు.

పళ్లు పెట్టే ముందు ఆమె ఒక పని చేసేది. ఆరిన గుల్లను జాగ్రత్తగా ఎత్తి, అడుగున గోటితో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఉన్నవా?" అని అడిగేది. కాసేపు ఆగేది. తర్వాత "ఎవ్వరు లేరు," అని తనలో తను అనుకుని కింద పెట్టేది. బాగా ఆరిన గుల్ల తడితే డొల్లగా మోగుతుంది, అది నాకూ తెలుసు. కాని అందుకు తట్టితే చాలు కదా, అడగడం దేనికి? అడిగాక ఆ ఎదురుచూపు దేనికి? ఆ కాసేపట్లో వంటగదిలో ఫ్యాను చప్పుడు కూడా ఎక్కువైనట్టుండేది. ఇంటికెళ్లి మా ఆయన ముందు ఆమెలాగే అభినయించి నవ్వించేదాన్ని. పనికి వెళ్లాక మాత్రం, ఆమె అడిగే ఆ క్షణానికి ఏదో ఒక వంకతో గది బయట ఉండేలా చూసుకునేదాన్ని.

ఇక నేను చేసిన తప్పు సంగతి. అది వానాకాలం. ఆపా కళ్లు చూపించుకోవడానికి పొద్దున్నే మేడ్చల్ వెళ్లింది. సాయంత్రం ఒక పుట్టినరోజుకు కేకు ఇవ్వాలి. ఆ పిల్లాడి తల్లి ఫోన్ చేసినప్పుడు ఎత్తింది నేనే. "మా బాబుకి గుడ్డు పడదండీ, అస్సలు పడదు," అని రెండుసార్లు చెప్పింది. నేను సరేనన్నాను. పడదు అనే మాట మా ఇంట్లో రోజూ వినేదే. మా అత్తకు వంకాయ పడదు, పెళ్లి భోజనంలో మాత్రం రెండోసారి వేయించుకుంటుంది. ఆమెకూ నాకూ కూడా పడదు, అయినా ఒకే ఇంట్లో ఉంటున్నాం. పడదు అంటే ఇష్టం లేకపోవడమే అనుకునే మనిషిని నేను.

గాలంతా తడి. మొదటి నురగ లేవలేదు. రెండోది లేచి కూలిపోయింది. శనగ నీళ్లు అయిపోయాయి, మళ్లీ చేయడానికి నానిన శనగలు లేవు. పనిలో చేరి ఆరేడు నెలలే, కేకు పోతే నా పని పోతుందని భయం. కొట్టుకు పరుగెత్తి, కొంగు కింద దాచి నాలుగు గుడ్లు తెచ్చాను. ఆ తెల్లసొన ఎంత బాగా లేచిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పచ్చసొన మోరీలో పోశాను. పెంకులు కరివేపాకు చెట్టు మొదట్లో జానెడు లోతున పాతిపెట్టాను. గిన్నెలు మూడుసార్లు తోమాను, నిమ్మచెక్కతో బల్ల రుద్దాను.

మూడున్నరకు ఆపా వచ్చింది. గుల్లను చూసి, "మస్తు వచ్చింది," అంది. ఈసారి నేను బయటికి వెళ్లలేకపోయాను. ఆమె గుల్లను ఎత్తి తట్టింది. టక్, టక్. రోజూ వచ్చే చప్పుడే వచ్చింది, నా చెవులతో విన్నాను.

"ఉన్నవా?"

ఆగింది. "ఎవ్వరు లేరు," అంటుందని చూశాను. అనలేదు. చెవిని ఇంకా దగ్గరగా పెట్టింది. ముఖంలో భయం లేదు. చాలా రోజులకు ఎవరి గొంతో విన్నట్టు మెత్తబడింది, అదే నన్ను వణికించింది.

"స్వరూపా, లోపల ఉన్నది," అంది మెల్లగా.

"ఎవరాపా?"

ఆమె గుల్లను చెత్తబుట్టలోకి నెట్టి అరచేత్తో నలిపేసింది. తర్వాత ఆ తల్లికి తనే ఫోన్ చేసింది. "నా ఓవెన్ ఖరాబైంది బేటీ. కేకు లేదు. బాబుకు పండ్లు, కొబ్బరి మలాయి పంపుతున్న, మాఫ్ చెయ్." తప్పు తన మీద వేసుకుంది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"పడదు అంటే ఏందో ఎరుకేనా నీకు?"

ఆ మాట పిల్లాడి తల్లి ఫోన్‌లో నాతో అన్నది, ఆపా ఇంట్లో లేనప్పుడు. ఈమెకెలా తెలిసింది?

"నా బిడ్డ నూరికి గుడ్డు పడకుండె. ఏడేండ్లది. దోస్తు ఇంట్ల పుట్టినరోజుకు పంపిన. బిడ్డకు గుడ్డు పడదమ్మా అని చెప్పి మరీ పంపిన. వాళ్లు మంచోళ్లే. ఇంత ముక్క తింటే ఏమైతది అనుకున్నరు. గొంతు మూసుకపోయింది. దవాఖానకు పోయేదాక గుడ లేదు." ఆమె ఏడవలేదు. గోటితో బల్ల మీద తట్టింది. "తలుపు సాటున దాక్కుని గిట్ల కొట్టేది. ఉన్నవా అంటే నవ్వేది. గుడ్డు ఉన్న కాడికి వస్తది అది. తిననీకె కాదు. వద్దని చెప్పనీకె."

నా తప్పు ఆమెకు తెలిసిందనీ, అడిగితే ఒప్పుకోవాలనీ కూర్చున్నాను. ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. మర్నాడు ఆమె నమాజులో ఉండగా కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్లాను. నేను నొక్కిన మట్టి నొక్కినట్టే ఉంది, నా వేళ్ల గుర్తులు కూడా చెదరలేదు. తవ్వాను. జానెడు కాదు, మోచేతి లోతు తవ్వాను. ఒక్క పెంకు లేదు. వాటిని ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆమె దగ్గర పని చేశాను. చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు, ఇక దాచుకోలేక, "ఆపా, ఆ వానరోజు నేను..." అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. ఎముకలే మిగిలిన వేలితో నా గుండె మీద రెండుసార్లు తట్టి, తల పక్కకు వంచి వింది. చాలాసేపే వింది. "ఎవ్వరు లేరు తియ్," అని నవ్వింది. నేను ఆ మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో పడదు అంటే, ఎట్లా పడదు, తింటే ఏమవుతుంది, ఎవరికి అని విసుగొచ్చేదాకా అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు చిరాకుపడతారు. అడగడం మానను. ఈ రోజు కూడా ఒక పాప పుట్టినరోజు. మధ్యాహ్నానికి గుల్ల ఆరింది. ద్రాక్షలు కడిగి పక్కన పెట్టుకుని, గుల్లను ఎత్తి గోటితో తట్టాను.

"ఉన్నవా?"

ఆపా గొంతు వినాలని నాకెంత ఆశో చెప్పలేను. నూరి దగ్గరికే కదా వెళ్లింది, ఇద్దరూ కలిసే ఉంటారు. కాని ఆమె మాట వినాలంటే నేను గుల్లలో గుడ్డు కలిపి మళ్లీ ఆ తప్పు చేయాలి. ఊపిరి బిగబట్టి విన్నాను. లోపల ఎవరూ లేరు. కళ్లు తుడుచుకుని, ద్రాక్షలు పెట్టడం మొదలుపెట్టాను.