మా నల్లోడి మీద కుళ్లు

పొద్దున్న అరసవల్లిలో ఒకాయన తన కుక్క తల నిమురుతుంటే నాకు కడుపు మండింది. అరవైల చివర్లో మీ ఇళ్లల్లోనూ మీకంటే ముద్దుగా పెరిగిన కుక్క ఉండేదా? మాకు నల్లోడు ఉండేవాడు. సాయంత్రమైతే పశువులన్నిటినీ ఒక్కడే ఇంటికి తోలుకొచ్చేవాడు. కొమ్ములు విసిరే గేదె కూడా వాడికి భయపడేది. నాన్న గిన్నెలో మిగిలిన చోడంబలి వాడికే, నాకు కాదు.

ఒకరోజు వాడి కాల్లో ముల్లు దిగి అరుగు మీద పడుకున్నాడు. నేనే బురదలో పడుతూ లేస్తూ పశువుల్ని తోలుకొచ్చి కట్టేశాను. నాన్న పొలం నుంచి రాగానే మెప్పు కోసం ఎదురెళ్లి నిలబడ్డాను. ఆయన పశువుల్ని చూసి, నన్ను దాటుకెళ్లి, నల్లోడి తల నిమిరాడు.

"కుంటికాల్తోనే అన్నిట్నీ తోలుకొచ్చీసినావేట్రా!"

ఆ దొంగ కుక్క హాయిగా తోక ఊపింది.