క్వారీ ఒడ్డున మా అవ్వ చేతులు

పోయిన వారం మా వంటింట్లో పాత బండ తీసేసి నల్ల గ్రానైటు వేయించాం. మేస్త్రీ కోత మిషను చక్రం మీద నీళ్ళు పోస్తూ రాయిని కోస్తుంటే తడిసిన రాతిపొడి వాసన ఇల్లంతా నిండింది. తొలకరి మట్టివాసనను మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉంటారు గానీ తడి రాతి వాసన వేరు, అందులో కొంచెం ఇనుము, కొంచెం కాలిన కమురు, కొంచెం పాత బావి చల్లదనం ఉంటాయి. ఇంట్లోవాళ్ళంతా ముక్కులు మూసుకొని బయటికి పోయినా నేను మాత్రం అక్కడే నిలబడ్డాను, ఎందుకంటే ఆ వాసన వెనకాల మా ఊరి క్వారీ, క్వారీ వెనకాల మా అవ్వ వస్తుందని నాకు తెలుసు. మావైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, నా విషయంలో కాకే పిల్లకు ముద్దు. అందుకని ఈ కథలో గర్వం కాస్త ఎక్కువైతే ఓర్చుకోండి, తగ్గించి చెప్పడం నావల్ల కాదు.

మాది కరీంనగర్ దగ్గరి నేతపని ఊరు. తెల్లారకముందే మొదలై దీపాలు పెట్టినంక కూడా ఆగని సాంచల చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే పాలు తాగి, ఆ చప్పుడులోనే ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళం మేము. సాంచ అంటే కరెంటుతో నడిచే మగ్గం. ఒక్కటి నడిస్తేనే పక్క మనిషి మాట వినపడదు, మా బాపు పనిచేసే కార్ఖానాలో వరుసలు వరుసలుగా ఒకేసారి కొట్టుకునేవి. బాపు సాంచలు నడిపేవాడు, అవ్వ అదే కార్ఖానా మూలన కూర్చొని కండెలకు నూలు చుట్టేది. ఇద్దరి కనుబొమల మీదా నూలుదుమ్ము తెల్లగా పేరుకొని ఉండేది, బాపు చొక్కా విప్పి దులిపితే గంజీ మిషను నూనే కలిసిన వాసన వచ్చేది. కరెంటు పోయి ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైతే చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. వేరే ఊళ్ళలో పిల్లలు చప్పుడైతే లేస్తారు, మా ఊళ్ళో చప్పుడు ఆగితే లేస్తారు.

అంత చప్పుడులో నోటికి పని లేదు కనుక మావాళ్ళు చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. అరచెయ్యి నిలువుగా ఎత్తితే సాంచ ఆపమని. చేతిని మగ్గం నాడెలాగా ఇటూ అటూ ఆడిస్తే నడవనియ్యమని. చూపుడువేలూ నడిమివేలూ కత్తెరలా విప్పితే పోగు తెగిందని, ఆ రెండింటినీ దగ్గరికి చేర్చి అంటిస్తే తెగలేదని, అంతా బాగానే ఉందని. లేని మీసం దువ్వితే సాంచల యజమాని వస్తున్నాడు, బుద్ధిగా ఉండమని. సద్ది గిన్నె పట్టుకొని నేను గడపలో నిలబడి చూస్తుంటే ఆ మూల నుంచి అవ్వ, ఈ మూల నుంచి బాపు కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి మా మేనత్త మీద చాడీల దాకా చేతులతోనే నడిపించేవాళ్ళు. ఒక్కోసారి కొట్లాడుకునేవాళ్ళు కూడా. అవ్వ చేతుల వేగానికి బాపు ఓడిపోయి మొహం పక్కకు తిప్పుకునేవాడు, ఆ భాషలో మొహం తిప్పుకోవడమంటే చెవులు మూసుకోవడమే. బడికి పోకముందే నాకు ఆ భాషంతా వచ్చు.

ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో ఉండి అవ్వకు వినికిడి తగ్గింది. వాడలో ఆమెను చెవిటి రాజవ్వ అనేవాళ్ళు. బోరింగు దగ్గర ఎవరైనా ఒకటి అడిగితే ఆమె ఇంకొకటి చెప్పేది, అంతా "చెవిటోని ముంగట శంఖమూదినట్టే" అని నవ్వేవాళ్ళు. నేను బిందె కింద పెట్టి కొట్లాటకు దిగేదాన్ని. వాళ్ళేమన్నారో నేను చేతులతో చెప్పినా అవ్వకు మాత్రం కోపం రాకపోయేది.

"ఊదనియ్యే బిడ్డా, ఊదెటోనికే బుగ్గలు నొస్తయి," అనేది.

ఊరికి ఉత్తరాన సగం కొరికిన జామకాయలాగా ఒక గుట్ట ఉండేది. నేను పుట్టకముందే దాన్ని కోసి బండలను లారీల మీద తీసుకుపోయినవాళ్ళు మంచి రాయి అయిపోగానే గుంతను అట్లాగే వదిలేసి పోయారట. కంచె లేదు, కాపలా లేదు. నిటారు గోడలు పెద్ద పెద్ద మెట్లుగా దిగి అడుగున ఆకుపచ్చటి నీళ్ళలో కలిసిపోయేవి. ఆ నీళ్ళకు ఒడ్డనేదే లేదు, పడితే పట్టుకోవడానికి గరిక పరక కూడా దొరకదు. అంచుల మీద పనికిరాని రాళ్ళూ మట్టీ కుప్పలుగా పోసి ఉండేవి, వాన పడితే అవి ఎటు జారుతాయో ఎవరికీ తెలియదు. గోడల బెజ్జాల్లో పేలని మందు మిగిలి ఉందని పెద్దలు భయపెట్టేవాళ్ళు. ఒకసారి ఎవరిదో బర్రె నీళ్ళకని దిగి మళ్ళీ పైకి రాలేదు. ఇన్ని తెలిసీ మాకు దాని మీద మోజు పోలేదు. నడి ఎండల్లో కూడా ఆ గుంతలోంచి చల్లగాలి పైకి కొట్టేది. అంచున బోర్లా పడుకొని "ఓ" అని అరిస్తే నాలుగు గోడలూ ఒకదాని నుంచి ఒకటి మాట లాక్కొని, అన్నీ కలగాపులగం చేసి, ఏమన్నామో మాకే తెలియకుండా తిరిగి ఇచ్చేవి. అక్కడ ఏరుకొచ్చిన నల్లరాతి పెంకులతో అచ్చనగండ్లు ఆడిన పిల్లకు మామూలు గులకరాళ్ళు మళ్ళీ ఆనేవి కావు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు బతుకమ్మ నాటికి కూడా వానలు వదలలేదు. సీతాఫలాల గంపలు వాకిళ్ళలోకి వచ్చేశాయి, కట్టెపొయ్యి బొగ్గుల మీద మక్క కంకులు చిటపటలాడుతున్నాయి, ఏ ఇంటి ముందునుంచి పోయినా నువ్వులు వేయించిన కమ్మటి వాసన, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద వాసన. పండుగ చివరి రోజు, సద్దుల నాడు, ఎవరి బతుకమ్మ ఎత్తుగా ఉందన్నది మా వాడలో పరువు సంగతి. ఆ పరువు కోసం ఊరి చుట్టూ ఉన్న తంగేడు చెట్లన్నిటినీ జనం బోడి చేసేశారు. ఎవరి చెయ్యీ పడని తంగేడు ఒక్క చోటే మిగిలింది, క్వారీ లోపల నీళ్ళ మీది మెట్టు పొడుగునా పచ్చగా విరగబూసి.

నా వెంట షాహీన్ వచ్చింది. గాజుల దుకాణం వాళ్ళ అమ్మాయి, బడిలో నా జోడీ. మా బతుకమ్మకు గునుగు పూలు కోసి రంగులద్దేది, రంజాన్‌కు వాళ్ళ అమ్మీ పంపే షీర్ ఖుర్మాలో నా గిన్నెకు ఖర్జూరాలు ఎక్కువ పడేట్టు చూసేది. లారీలు తిరిగిన పాత బాట మీద దిగుతుంటే, "జర భయమైతుందే," అంది. "ఫికర్ జెయ్యకు, నేనున్న గద," అన్నాను, ఆ గుట్టను నేనే కోయించినట్టు. గోడ వెంట మెట్టు మీద నడుచుకుంటూ అవతలి పక్కకు పోయి ఒడినిండా పూలు కోశాం. వెనక్కి తిరిగేసరికి ముందు చిన్న చిన్న రాళ్ళు రాలాయి. ఆ వెంటనే పైనున్న మట్టికుప్ప మొత్తం ఒక్క మూలుగు మూలిగి జారింది. మేము నడిచొచ్చిన దారి దాని కింద మాయమైంది. ఎదుటి అంచున మేకలు కాస్తున్న ముసలాయన అది చూసి ఊళ్ళోకి ఉరికాడు.

కాసేపటికి ఎదుటి అంచంతా జనమే. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఆ గోడల సంగతి చెప్పాను కదా, మా దాకా వచ్చింది మాట కాదు, ఉత్త హోరు. ఒక పెద్ద బండ మట్టిలోంచి సగం బయటికొచ్చి మా పక్కనే గోడ మీద వేలాడుతోందని, చూసుకొని కదలమని వాళ్ళు చెబుతున్నారని తర్వాత తెలిసింది. కింద ఉన్న మాకు అది కనబడదు. ఒకరు రమ్మన్నట్టు చేతులూపితే ఇంకొకరు వద్దన్నట్టు ఊపుతున్నారు. షాహీన్ బెదిరిపోయి జారిన మట్టి మీద నుంచే పోదామని అడుగు వేసింది, కాలు పెట్టిన రాయి దొర్లి నీళ్ళలో పడింది. షాహీన్ చున్నీ పట్టి వెనక్కి లాగాను. నా ధైర్యం కూడా ఆ రాయితోనే పోయింది.

అప్పుడు మా అవ్వ వచ్చింది. కార్ఖానాలోంచి లేచిన మనిషి లేచినట్టే పరుగెత్తుకొచ్చింది, జుట్టు నిండా నూలుదుమ్ము. అంచున వదిలేసిన రాతిదిమ్మె మీదికెక్కి, కొంగు నడుముకు చెక్కి, ముందు జనం వైపు తిరిగింది. ఆ రోజు ఆమె అన్న మాట మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నోర్లు మూసుకోని కూసోండ్రి! నా బిడ్డ నా చేతులు జూస్తది, మీ నోర్లు గాదు!"

అందరూ కూర్చున్నారు. కరెంటు పోయినప్పటి మా ఊరిలాగా ఆ గుంత నిశ్శబ్దమైంది. అవ్వ నా వైపు తిరిగి రెండు వేళ్ళు కత్తెరలా విప్పి తల ఎగరేసింది. పోగు తెగిందా? దెబ్బ తగిలిందా అని అడుగుతోంది. నేను రెండు వేళ్ళు అంటించి పైకెత్తి చూపాను. తెగలేదు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకొమ్మని గట్టిగా చేయి విసిరింది, కళ్ళు మసకబారితే చేతులు కనబడవు కదా.

ఈలోగా బాపు ఇంకో ఇద్దరితో బావి చేంతాడు పట్టుకొని చుట్టూ తిరిగి మా తల మీది అంచుకు చేరాడు. మెట్టు చివరి మూలన గోడ ఎత్తు తక్కువ, అక్కడికి పోతే తాడు అందుతుంది. కానీ అక్కడికి పోవాలంటే వేలాడే బండ కిందినుంచే పోవాలి. పైనున్న బాపుకు మేము కనబడం, మాకు బాపు కనబడడు, ముగ్గురమూ కనబడేది ఎదురుగా ఉన్న అవ్వ ఒక్కదానికే. కుడిచెయ్యి మాకు, ఎడమచెయ్యి బాపుకు. బండ పక్కన మట్టి రాలితే అరచెయ్యి లేచేది, మేము గోడకు అతుక్కొని ఆగేవాళ్ళం. రాలడం ఆగితే చెయ్యి నాడెలా ఆడేది, నేను అడుగు వేసేదాన్ని, నా లంగా పట్టుకొని షాహీన్ వేసేది. అదే సమయంలో రెండో చెయ్యి బాపును బండకు దూరంగా జరుపుతూ, తాడు వేయాల్సిన చోటు చూపిస్తూ ఉంది. జీవితమంతా ఆ ఇద్దరూ కార్ఖానా ఆ మూలా ఈ మూలా నిలబడి ఆడుకున్న మాటలన్నీ ఈ ఒక్క పూట కోసమే నేర్చుకున్నారా అనిపిస్తుంది నాకు. ముందు షాహీన్‌ను, తర్వాత నన్ను తాడు కట్టి పైకి లాగారు.

అవ్వ గుట్ట చుట్టూ తిరిగి మా దగ్గరికి వచ్చీ రాగానే నా వీపు మీద రెండు అంటించింది. పరాయి పిల్లని తేడా చూపకుండా షాహీన్‌కు కూడా ఒకటి ఇచ్చింది. ఇద్దరినీ పొట్టకు అదుముకొని తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి తన కాళ్ళ వైపు చూసుకుంది. నేల అదురు ఆమె అరికాళ్ళకు తెలిసినంక చప్పుడు మా చెవులకు తెలిసింది, ఆ బండ మేము నడిచిన మెట్టు మీద పడి నీళ్ళలోకి దొర్లింది. షాహీన్ వాళ్ళ అమ్మీ వచ్చి అవ్వ రెండు చేతులూ కళ్ళకద్దుకొని, "అల్లా గీ చేతులను సల్లగ జూడాలె రాజవ్వా," అని ఏడ్చింది.

"ఏమంటుందే?" అని అవ్వ ఊరంతా వినబడేట్టు నన్నడిగింది. అప్పుడు అందరూ నవ్వారు.

షాహీన్ ఒడిలో మిగిలిన తంగేడు పూలతోనే ఆ ఏడు మా బతుకమ్మ పేర్చాం. ఎత్తులో వాడ మొత్తానికీ చిన్నది, అయినా ఆడవాళ్ళు దాన్నే నడిమధ్యన పెట్టి ఆడారు. ఆ తర్వాత కూడా అవ్వను చెవిటి రాజవ్వ అనే అనేవాళ్ళు, పేరు మారలేదు. ఆ పేరు పలికే గొంతు మాత్రం మారింది, పిల్లలు పొలిమేర దాటుతుంటే "చెవిటి రాజవ్వ పిల్లలు కారు మీరు, క్వారీ దిక్కు పోకుండ్రి" అని చెప్పేవాళ్ళు.

ఇప్పుడు క్వారీని చెత్తతో నింపుతున్నారు, నీళ్ళు కనబడవు, అరిస్తే మాట తిరిగి రాదు. బాపు లేడు. ఆ కార్ఖానా ఎరువుల గోదాం అయింది. సాంచల ముందు చేతులతో మాట్లాడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, నా పిల్లలకు నేర్పబోతే ఫోను లోంచి తలెత్తి ఆటనుకొని నవ్వారు. అవ్వ నా దగ్గరే ఉంటుంది, ఇప్పుడు అసలే వినబడదు, కొనిచ్చిన చెవి మిషను డబ్బాలోనే పెట్టి, "కొత్తగ ఏం ఇనాలె?" అంటుంది.

మేస్త్రీ బండ బిగించి పోయినంక అవ్వ వంటింట్లోకి వచ్చి ఆ నల్లరాయి మీద రెండు అరచేతులూ ఆనించింది. ఏ గుట్టదో, ఏ గుంతలోంచి తీశారో మా ఇద్దరికీ తెలియదు. తర్వాత నా వైపు తిరిగి ముడతలు పడ్డ రెండు వేళ్ళు కత్తెరలా విప్పి తల ఎగరేసింది. నేను కళ్ళు తుడుచుకొని, ఆమెకు బాగా కనబడేట్టు వెలుతురులోకి జరిగి, రెండు వేళ్ళూ అంటించి పైకెత్తాను.