గద్వాల లైబ్రరీలో అరవై ఫారాలు

గ్రంథాలయ శాస్త్రంలో మాస్టర్స్ అంటే హాయిగా పుస్తకాల మధ్య కూర్చోవడమే అనుకున్నాను. డిగ్రీ తర్వాత ముందు ఏడాది బ్యాచిలర్ కోర్సు చేయాలి. ఆ తర్వాత మాస్టర్స్, అందులో థియరీ పేపర్లు, పుస్తకాలకు నంబర్లు వేసే ప్రాక్టికల్. వనపర్తిలో పుట్టింట్లో ఉండి దూరవిద్యలో అవన్నీ గట్టెక్కించాను. చివరికి ప్రాజెక్టు మిగిలింది. పాఠకులతో అరవై ఫారాలు నింపించి, రిపోర్టు రాసి, హైదరాబాదులో పరీక్షకుడి ముందు జవాబులు చెప్పాలి. అది కాకపోతే పట్టా రాదు. పట్టా రాకపోతే గద్వాల లైబ్రరీలో నా టెంపరరీ ఉద్యోగం ఎప్పటికీ టెంపరరీయే.

ఫారం నేనే తయారుచేశాను. పేరు, ఊరు, వయసు, పని. కింద 'మీకు కావలసినవి' అని ఒక గడి. ఏ పుస్తకాలు, ఏ పత్రికలు కావాలో రాస్తారని నా ఉద్దేశం. మా లైబ్రేరియన్ సారు చూసి, "గా కిందిది జర వివరంగా రాయమ్మా" అన్నారు. నేను వింటేగా!

మొదటి రోజు, బస్సు వచ్చేదాకా పేపరు చూద్దామని కూర్చున్న గట్టు మండలం రైతు ఒకాయన ఫారం నింపి ఇచ్చాడు. కావలసినవి దగ్గర 'బోరు' అని రాశాడు. నవ్వుకుని పక్కన పెట్టాను. మూడో రోజు తాళం తీయబోతే మెట్ల నిండా జనం. చేతుల్లో రేషన్ కార్డు జిరాక్సులు, రెండేసి ఫోటోలు. లైబ్రరీలో కొత్త స్కీముకు దరఖాస్తులు తీసుకుంటున్నారని మల్దకల్ దాకా పాకిపోయిందట.

నాకు తిక్క లేచింది. రిపోర్టుకు వారమే గడువు. "గిది నా సదువు కోసం! పింఛన్లు గిట్ల ఇయ్యరు ఈడ" అని అరిచాను. ఎవరూ కదల్లేదు. మల్దకల్ అవ్వ ఒకామె నెమ్మదిగా అంది.

"కోప్పడతవేంది బిడ్డా? ఏం గావాల్నో నువ్వే అడిగితివి. నాకు పింఛన్ గావాలె. యాడ అడగాల్నో తెల్వక ఈడికొస్తి."

సిగ్గుతో చచ్చిపోయాను. 'సమాచార అవసరం' గురించి పేజీలకు పేజీలు బట్టీపట్టినదాన్ని, అది ఎదురుగా వచ్చి నిలబడితే కసిరాను. వరండాలో కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మధ్యాహ్నానికి అరవై పూర్తయ్యాయి.

హైదరాబాదులో పరీక్షకుడు, చాలావరకు నా చేతిరాతే ఉన్న ఆ ఫారాలు తిప్పి చూశాడు. "సగం మందికి చదవడమే రాదు. వీళ్లు పాఠకులెట్లా అవుతారమ్మా?"

"ఎక్కడ అడగాలో తెలియక లైబ్రరీకే వచ్చారు సార్."

ఆయన రిపోర్టు మీద సంతకం పెట్టాడు. పట్టా చేతికొచ్చిన రోజు ఇంట్లో పాయసం వండారు. నా అంత సంతోషంగా ఊళ్లో ఇంకెవరూ లేరనిపించింది.

ఆ వారమే మల్దకల్ అవ్వ మళ్లీ లైబ్రరీకి వచ్చింది.

"నా కాయితం ఏమాయె బిడ్డా?"

"అది నా పరీక్షకు పోయింది అవ్వా" అని ఉన్నమాట చెప్పేశాను. మండలాఫీసు నుంచి అసలు పింఛను ఫారం తెప్పించి, దగ్గర కూర్చోబెట్టుకుని నింపాను. వేలిముద్రకు ఇంకు డబ్బా ముందుకు జరిపాను. అవ్వ బొటనవేలు చాచి, ఆగింది.

"గిదన్న నాదేనా?"

"నీదే అవ్వా" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వేలు గట్టిగా ఒత్తింది. ఇద్దరం కలిసి మండలాఫీసుకు బయలుదేరాం.