పక్క క్వార్టర్‌కి వెళ్లిపోయిన పుస్తకాలు

బిలాస్‌పూర్‌లో మా రైల్వే కాలనీలో ఇంజినీరింగ్ ఎంట్రన్స్ పుస్తకాలు ఎవరి సొంతమూ కావు. ఒకరి పరీక్ష అయిపోతే పక్క క్వార్టర్‌కి వెళ్లిపోతాయి. ఈసారి ఫలితాల పేపర్లో నా నంబరు రాలేదు. మళ్లీ రాయాలా వద్దా అని నేనింకా తేల్చుకోకముందే, ఈ సాయంత్రం పక్కింటి సుజాత వచ్చింది.

"అన్నయ్యా, మల్లీ రాస్తావేటి? రాయవంటే పుస్తకాలు నాకిచ్చీ."

నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతున్నాడు. ఆయన వినాలనే కాస్త గట్టిగా అన్నాను: "పట్టుకెళిపో. నానింక రాయను."

"అచ్ఛా. అయితే నిన్ను అప్రెంటిస్‌గా పెట్టుకునే సంగతి రేపే మా లోకో షెడ్‌లో అడుగుతాన్రా" అన్నాడు నాన్న, ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు.

సుజాత పుస్తకాలు పట్టుకెళ్లాక ఖాళీ అయిన నా బల్ల మీద అమ్మ బియ్యం డబ్బా పెట్టేసింది.

నాన్న 'ఇంకొక్కసారి రాయరా' అంటాడనే అలా అన్నాను. మీ ఇంట్లో అయితే అనేవారా?