సీసాకు కట్టిన ఎర్ర దారం

కోట్లు కుట్టే షాపులో ఇరవై రెండేళ్లుగా కటింగ్ మా మేనత్తదే. మెడలో టేపు తీసేది స్నానానికి మాత్రమే. కొలవందే దేన్నీ నమ్మదు. నేను కాలేజీ మానేశానని చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. "వాడు నిజం చెప్పాడుగా, వదిలేయండి" అన్నది ఆవిడొక్కతే. అప్పట్నుంచి వాళ్లింట్లోనే ఉంటున్నాను.

ఆ ఇంట్లో ఒక తెల్ల కుందేలుంది. కళ్లు నల్ల గుండీల్లా ఉంటాయని దాన్ని గుండీ అంటారు. కిందటి వేసవిలో నీళ్లు సరిగ్గా తాగక దాని మూత్రంలో ఇసుక పట్టింది. ఇంకోసారి నీళ్లు తగ్గితే దక్కదని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ మాట అత్త మనసులో దిగబడిపోయింది.

బోనుకు తలకిందులుగా ఒక సీసా వేలాడుతుంటుంది. దాని స్టీలు గొట్టం చివర చిన్న గోళీ. కుందేలు నాలుకతో గోళీని నెడితే నీళ్లు వస్తాయి. రోజూ షాపునుంచి ఏడింటికి వచ్చి అత్త సీసా కడిగి, నింపి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ ఎర్ర దారం కట్టేది. మర్నాడు దారం నుంచి కిందికి టేపు పెట్టి చూసుకునేది. అంతదాకా కూడా ఆగలేకపోయేది. లిఫ్టు మెకానిక్ అయిన మావయ్య నాలుగింటికే ఇల్లు చేరతాడు కాబట్టి అప్పుడే ఫోను.

"ఎంత దిగింది?"

"నాలుగు వేళ్లు."

"మీ వేళ్లా, నా వేళ్లా?"

"దాని వేళ్లు! పెట్టెయ్ తల్లీ, టీ తాగనీ."

ఒక నెల కిందట మావయ్య ఉన్నదున్నట్టు "ఏం దిగలేదే" అనేశాడు. ఆ కంగారులో అత్త ఎవరిదో కోటుకు ఎడమ చెయ్యి అంగుళం పొట్టిగా కత్తిరించి ఇంటికి పరిగెత్తుకొచ్చింది. వచ్చేసరికి గుండీ తాపీగా నీళ్లు తాగుతోంది. షాపు యజమాని వారం రోజులు ఆవిడ్ని కత్తెర ముట్టనివ్వలేదు. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయిల మధ్య కూర్చోబెట్టి కాజాలు కుట్టించాడు. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినేది కాదు.

ఒక బుధవారం సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్తే మావయ్య ఆ సీసా మూత విప్పి సింకులో నీళ్లు వంపుతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"అత్తతో అనకురా. అది తర్వాత తాగుతుందిలే. ఈవిడే ఊరికే హడలి చస్తుంది."

"సరే" అన్నాను. అంతే. పెద్ద విషయం అనిపించలేదు. ఫోనులో ఏదో చూసుకుంటూ నా గదిలోకి వెళ్లిపోయాను.

శుక్రవారం పొద్దున గుండీ ఆకుకూర ముట్టలేదు. ఒక మూల ముడుచుకుని కూర్చుంది. పెంటికలు ఆవగింజలంత, ఎండిపోయి ఉన్నాయి. అత్త దాన్ని బుట్టలో పెట్టి, సీసా కూడా పట్టుకుని బయల్దేరింది. వెనకాల మేమిద్దరం.

డాక్టరు దాని మెడ మీద చర్మం పైకి లాగి వదిలాడు. అది వెంటనే సర్దుకోలేదు.

"నీళ్లు తాగి ఎన్నాళ్లయిందమ్మా?"

"రోజూ తాగుతోందండీ. కొలిచి చూస్తున్నాను."

ఆయన సీసా తీసుకుని బొటనవేలితో గోళీని నొక్కాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"ఉప్పునీళ్లకి సున్నం పట్టి బిగుసుకుపోయింది. దీన్లోంచి చుక్క రాదు. ఇన్నాళ్లూ ఆకుల తడి మీదే బతికింది."

"చుక్క రాకపోతే నీళ్లెలా తగ్గాయి?"

డాక్టరు సీసా బల్లమీద పెట్టాడు. మావయ్య గోడమీద కుక్కల బొమ్మ చూస్తున్నాడు.

"ఏమండీ."

"నీ కోసమేనే... మళ్లీ షాపులో మాట పడతావని..."

"ఎన్నాళ్లనుంచి?"

"నాలుగు రోజులు. అంతకుముందు అదే తాగింది, ఒట్టు."

"మాట పడ్డాను. కాజాలు కుట్టాను. చచ్చిపోయానా? దాన్నుంచి నన్ను కాపాడమని మిమ్మల్ని అడిగానా?"

గొంతు పెంచలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

తెలీదని అనొచ్చు. మావయ్య నా పేరెత్తలేదు కూడా.

"చూశాను."

"ఎప్పుడు?"

"బుధవారం."

వేళ్లమీద లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదిలించింది. రెండు రోజులు. డాక్టరు వైపు తిరిగి, "ఎలా తాగించాలో చూపించండి. నాకొక్కదానికి చూపిస్తే చాలు" అంది.

చర్మం కింద సెలైన్ ఎక్కించారు. సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి చుక్కచుక్కగా తాగించడం అత్త నేర్చుకుంది. మూడో రోజుకి గుండీ ఒక ఆకు కొరికింది. ఆ మర్నాడే బోను షాపుకి తీసుకెళ్లి కటింగ్ బల్ల కింద పెట్టుకుంది. ఇప్పుడు సీసా లేదు, బరువైన పింగాణీ గిన్నె. పొద్దున బోనుతో వెళ్తుంది, సాయంత్రం బోనుతో వస్తుంది. నాలుగింటికి మావయ్య ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. అది మోగదు.

మాతో గొడవేం పడలేదు. వండుతుంది, వడ్డిస్తుంది, అడిగినదానికి జవాబిస్తుంది. మొన్న ముగ్గురం బయటికి బయల్దేరాం. నేనే తలుపు వేసి మెట్లు దిగొచ్చాను.

"తాళం వేశావా?"

"వేశాను అత్తా."

సరేనన్నట్టు తలూపింది. బోను నా చేతికివ్వకుండా నేలమీద పెట్టి, రెండంతస్తులు ఎక్కి వెళ్లి, తాళం లాగి చూసుకుని వచ్చింది.