మంట వాసన

పంతొమ్మిది వందల యాభైలలో తొండియార్‌పేటలోని మా ప్రార్థనా మందిరం గుమ్మం దగ్గర మా సంఘస్థుడొకాయన చొక్కా చెయ్యి ముక్కుకు ఆనించి వాసన చూసుకునేవాడు. ఆ తర్వాతే లోపలికి అడుగు పెట్టేవాడు. వర్క్‌షాపులో ఇనప సామాన్లను పెద్ద పొయ్యిలో పెట్టి పాత రంగు కాల్చి తీసే పని ఆయనది. ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన వదిలేది కాదు. మందిరం బెంచీలకు కొత్త రంగు వేయాల్సి వచ్చినప్పుడు, వాటి ఇనప కాళ్ల మీది పాత రంగంతా కాల్చి ఇచ్చింది కూడా ఆయనే.

ఆ బెంచీలు తిరిగొచ్చిన ఆదివారమే సంఘపెద్ద ఆయన్ని గుమ్మంలో ఆపాడు.

"ఏమయ్యా, బైబిల్లో రాజు తోయించిన అగ్నిగుండంలోంచి కాలకుండా బయటికొచ్చిన ఆ ముగ్గురి మీద మంట వాసనైనా లేదే! నీ మీదేంది ఈ కంపు? ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు, బయటే కూర్చో."

"వాళ్లు ఒక్కసారి పోయొచ్చినారయ్యా. నేను దినామూ పోతా ఉండాను."

నవ్వినవాళ్లు నవ్వారు. ఎవరూ లేచి ఆయన్ని లోపలికి పిలవలేదు. ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె ఆయనకు అందకుండానే ఆరాధన ముగిసింది. ఆ బల్ల ప్రభువుదా, సంఘపెద్దదా? మేమంతా కూర్చున్న బెంచీల కాళ్లూ ఆ పొయ్యిలోంచి వచ్చినవే. వాటినెవరూ బయటికి పొమ్మనలేదు.