కొత్తమ్మాయి అడగని ఇల్లు

టైలరమ్మ దగ్గర కొత్తమ్మాయి పనికి చేరి ఏళ్ళు గడిచిపోయాయి గానీ ఆ పేరు మాత్రం పాతబడలేదు. ఈలోగా ఆమెకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురు బడికి కూడా వెళ్ళొస్తోంది. అయినా వీధి వీధంతటికీ ఆమె కొత్తమ్మాయే. సరిహద్దు దాటి వచ్చిన మనిషిని పాతమనిషిగా ఒప్పుకోవడానికి ఆ వీధికి తీరిక దొరకలేదు.

వచ్చిన కొత్తలో ఆమె ఎక్కని కుట్టుషాపు గుమ్మం లేదు. అందరూ పేరడిగారు, ఊరడిగారు, కబురు చేస్తామన్నారు. ఎవరూ చేయలేదు. టైలరమ్మ ఒక్కతే ఒక చొక్కా చెయ్యి విసిరేసి కుట్టమంది. కుట్టాక దాన్ని తిరగేసి చూసి, మర్నాటి నుంచి రమ్మంది. "పని తెలిస్తే చాలు, ఎక్కణ్ణుంచి వస్తే మనకేంటి?" అని ఆ తర్వాత కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకుంది. మంచి మాటే. కాకపోతే ఆ మాట చెప్పీ చెప్పీ, తను చేయాల్సిన మంచి అంతటితో అయిపోయిందని నమ్మేసింది.

ఒకసారి కోటు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి, కొత్తమ్మాయి మిషను వైపు కళ్ళతోనే చూపించి, ఇది ఆవిడ చేత కుట్టించరు కదా అని గొంతు తగ్గించి అడిగాడు. అబ్బే, మీది నేనే కుడతానంది టైలరమ్మ. ఆ వారంలోనే కొత్తమ్మాయి మిషను తెరవెనక్కి మారింది. అక్కడైతే నీకు గాలి బాగా తగులుతుందని చెప్పింది. నిజానికి ఫ్యానున్నది ముందుగదిలో. కొత్తమ్మాయి సరే అక్కా అని మిషను ఒక పక్క తనే పట్టుకుని జరిపింది. ఆ కోటు కూడా చివరికి ఆమే కుట్టింది. పెద్దమనిషి వేసుకుని అద్దంలో చూసుకుని, టైలరమ్మ చెయ్యే చెయ్యి అని మెచ్చుకుని వెళ్ళాడు.

అంతమాత్రం చేత టైలరమ్మ చెడ్డదని అనుకోకూడదు. కొత్తమ్మాయికి జ్వరమొస్తే గొడుగేసుకుని మందులు పట్టుకెళ్ళింది. టైలరమ్మ కంటికి ఆపరేషనైనప్పుడు కొత్తమ్మాయి షాపు మొత్తం ఒంటిచేత్తో లాక్కొచ్చింది. సాయంత్రం మిషన్లు ఆపాక ఇద్దరూ తెరవెనక కూర్చుని టీ తాగుతూ మొగుళ్ళ మీద చాడీలు చెప్పుకునేవారు. సొంత అక్కచెల్లెళ్ళకు కూడా అంత పొత్తు కుదరదు.

ఇలా ఉండగా కొత్తమ్మాయి వాళ్ళుంటున్న పాత బిల్డింగు పడగొడతామని, నెలాఖరుకు అందరూ ఖాళీ చేయాలని చెప్పేశారు. ఈ చుట్టుపక్కల ఇల్లు దొరక్కపోతే రొట్టెల బట్టీలో పనిచేసే ఆమె భర్త తన అన్న ఉండే ఊరికి కాపురం మార్చేస్తానన్నాడు. ఆ ఊరు ఎక్కడో దూరం. అక్కడ ఈమెకు కుట్టుపని లేదు. ఇక్కడ స్నేహితులతో, టీచరుతో ఇప్పుడిప్పుడే కలిసిన పిల్ల మళ్ళీ మొదటికి రావాలి.

నోరు తెరిస్తే చాలు, కొత్తమ్మాయి ఎక్కడి మనిషో యాసలో తెలిసిపోతుంది. అందుకని ఇళ్ళవాళ్ళకు ఫోన్లు టైలరమ్మే చేసింది. "మాకు బాగా తెలిసిన కుటుంబమండీ, చాలా పద్ధతైన మనుషులు" అని ఆమె చెబుతుంటే అవతలివాళ్ళు కరిగిపోయి, వచ్చి చూసుకోమనేవారు. కొత్తమ్మాయి వెళ్ళేసరికి ఆ ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉండేవారు. ఒకావిడైతే తలుపు సగమే తీసి, ఇది అద్దెకిచ్చే ఇల్లు కాదు, సామాన్ల గది అంది. ఆ సామాన్ల గదికి పూలకుండీలూ, కిటికీ తెరలూ ఉన్నాయి.

ఇలా కాదని ఒకరోజు టైలరమ్మే వెంట వెళ్ళింది. ఆ ఇంటాయన నవ్వుతూ ఎదురొచ్చి గదులన్నీ తిప్పి చూపించాడు. నీళ్ళకు కొదవలేదంటూ వంటింట్లో కుళాయి తిప్పి ధార కూడా చూపించాడు. అప్పుడు, ఇంతకీ మీకేనా అని అడిగాడు. టైలరమ్మ కొత్తమ్మాయిని చూపించింది. ఆయన కుళాయి కట్టేశాడు. మా అబ్బాయినొక మాట అడగాలండీ అన్నాడు.

దారి పొడుగునా టైలరమ్మ ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. వాళ్ళూ మనుషులేనా, ఇంత పెద్ద ఇల్లు కట్టుకుని ఇంత చిన్న మనసేంటి అంది. కొత్తమ్మాయి వింటూ నడిచింది. షాపు దగ్గరకొచ్చేసరికి, పక్కనున్న మెట్ల దగ్గర, టైలరమ్మ తిట్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆ మెట్లు వెళ్ళేది మేడమీది గదులకు. అవి టైలరమ్మవే. పాతవాళ్ళు ఖాళీ చేసిపోయినప్పటి నుంచీ తాళం వేసే ఉన్నాయి.

వాటి గురించి మొగుడూ పెళ్ళాల మధ్య మాట రాకపోలేదు. బస్సు నడిపి నడిపి రిటైరైన ఆ మొగుడు, నాకేం అభ్యంతరం లేదు, నువ్వే ఆలోచించుకో అన్నాడు. నాకు మాత్రం ఏం అభ్యంతరం, మీరే చెప్పండి అంది ఈమె. ఇద్దరికీ అభ్యంతరం లేదు గానీ తాళం మాత్రం కదల్లేదు. పక్కింటాయన గోడ మీద మోచేతులు ఆనించి, ఒక్కరికి ఇస్తే వెనకాల పాతికమంది దిగుతారమ్మా, మీ ఇష్టమనుకోండి అన్నాడు. టైలరమ్మ ఆయనకు ఎదురు చెప్పలేదు. షాపుకొచ్చే వాళ్ళు ఏమనుకుంటారో, రేపు పొమ్మనాలంటే ఎలా అనగలదో, ఆమె భయాలు ఆమెకున్నాయి. గోడకున్న 'టులెట్' బోర్డు తీసి బీరువా వెనక పెట్టింది. అడిగితే చెప్పడానికి, మా చుట్టాలొస్తున్నారనే మాట కూడా సిద్ధం చేసుకుంది. ఫోన్లు మాత్రం ఇంకా జోరుగా చేసింది. ఎవరో ఒకరు ఇచ్చేస్తే ఆ సంగతి తన గుమ్మం దాకా రాదు కదా.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చిన కొత్తమ్మాయి కూతురు ఆడుకుంటూ మెట్లెక్కి, కిటికీలోంచి తొంగిచూసి, గెంతుకుంటూ దిగింది. "అమ్మా, పైన ఎవరూ లేరు. గదులన్నీ ఖాళీ" అంది. తెరవెనక మిషను ఆగింది. టైలరమ్మ చేతిలోనే ఉన్న కత్తెర కోసం బల్లకింద వెతికింది. కొత్తమ్మాయి పిల్లను దగ్గరకు లాక్కుని, అలా వాళ్ళింట్లో తిరక్కూడదని మందలించి, మళ్ళీ మిషను తొక్కింది. ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

నెలాఖరు వచ్చింది. కొత్తమ్మాయి చేతిలో ఉన్న బట్టలన్నీ ముగించి, గుండీలు కుట్టి, మడతపెట్టి, అప్పుడు చెప్పులేసుకుంది. వీధి చివర సామాన్ల బండి ఆగి ఉంది. పిల్లకు కుట్టిన గౌను పొట్లం చేతిలో పెడుతూ టైలరమ్మ, నేను చేయగలిగిందంతా చేశాను కదమ్మా అంది. ఔననిపించుకోవాలని ఆమె ఆశ.

"చేశారక్కా, ఎవరు చేస్తారింత" అంది కొత్తమ్మాయి. పొట్లాన్ని చంకలో పెట్టుకుంది. "పైగదులు అడగమని మా ఆయన రోజూ పోరేవారు. నేనే ఒప్పుకోలేదు. అడిగితే మీరేదో ఒకటి చెబుతారు. అది విన్నాక మీతో కూర్చుని టీ తాగలేను కదా. ఇల్లు పోతే పోయింది, మీరైనా మిగలాలనుకున్నాను."

టైలరమ్మ వీధి చివరికి చూసింది. బండి ఇంకా కదల్లేదు. సామాను దించి ఆ మెట్లెక్కించడానికి ఎంతోసేపు పట్టదు. ఉండిపోవే అన్న ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చేరగానే ఫోన్ చెయ్యి" అంది.

కొత్తమ్మాయి చేసింది కూడా. ఇల్లెలా ఉందని అడిగే మొహం టైలరమ్మకు లేకపోయింది. అక్కడి చలి గురించి కాసేపు మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత మేడమీదకు ఎవరో వచ్చారు, వెళ్ళారు, మళ్ళీ ఇంకెవరో వచ్చారు. షాపులో కొత్తమ్మాయి ఊసెత్తిన వాళ్ళతో టైలరమ్మ ఇప్పటికీ ఒకటే మాట చెబుతుంది. పిచ్చిది, మొహమాటపడింది, నోరు తెరిచి అడిగుంటే నేనివ్వనా అంటుంది. చెబుతున్నప్పుడు ఆమె గొంతు నిజంగానే వణుకుతుంది. విన్నవాళ్ళు పాపం అంటారు. అడిగినా ఇచ్చేదాన్ని కాదని ఆమెకు తెలుసు. కొత్తమ్మాయికి అంతకంటే ముందే తెలుసు.